సీస్మిక్ మ్యాపులో మెరిసిన చోటల్లా గ్యాస్ ఉంటుందా?

ప్రాజెక్టు కోసం 3డి సీస్మిక్ డేటా (భూమిలోకి పంపిన తరంగాలు రాతిపొరల నుంచి తిరిగొచ్చిన తీరు) ఇచ్చారని, ఆంప్లిట్యూడ్ మ్యాపులో, అంటే ఆ ప్రతిఫలనాల బలం చూపే మ్యాపులో, ఎర్రగా మెరిసిన భాగమంతా గ్యాస్ ఇసుక అని రాసేయవచ్చా అని అడిగారు. రాయకండి. కృష్ణా-గోదావరి బేసిన్ డేటాతో చాలాకాలం పనిచేశాను. అలా రాసిన నివేదిక నా బల్ల మీదికి వస్తే మొదటి పేజీ దాటను.

మెరుపుకు కారణం ఇంపెడెన్స్, అంటే రాతి సాంద్రతను తరంగ వేగంతో గుణిస్తే వచ్చే విలువ. ఇంకా గట్టిపడని ఇసుక రంధ్రాల్లో నీటికి బదులు గ్యాస్ చేరితే ఇంపెడెన్స్ బాగా పడిపోయి, పైనున్న బురద రాయి అయిన షేల్‌తో తేడా పెరిగి, ప్రతిఫలనం బలంగా వస్తుంది. అయితే రంధ్రాల్లో ఐదు, పది శాతం గ్యాస్ ఉన్నా వేగం దాదాపు అంతే పడిపోతుంది. అక్కడ బావి తవ్వితే వచ్చేది నీళ్లే. బొగ్గు పొరా మెరుస్తుంది. రాజోలు వైపు భూగర్భంలో ఉన్న బసాల్ట్ (లావా రాయి) కూడా మెరుస్తుంది, కానీ పోలారిటీ, అంటే ప్రతిఫలన సంకేతం పైకా కిందికా అన్నది, తలకిందులుగా ఉంటుంది. అందుకే మీ డేటా పోలారిటీ ఏమిటో ముందు తేల్చుకోండి. అది తేల్చకుండా రంగులు చూపించేవాళ్లంటే నాకు చిరాకు.

పని బావి దగ్గర మొదలుపెట్టాలి. బావిలో కొలిచిన తరంగ వేగం, సాంద్రత రికార్డులైన సోనిక్, డెన్సిటీ లాగ్‌ల నుంచి సింథటిక్ (లెక్కకట్టిన నమూనా సీస్మిక్) తయారుచేసి, బావిలో తరంగ ప్రయాణ సమయం కొలిచే చెక్‌షాట్‌తో సమయాన్ని లోతుకు ముడిపెట్టి, ఏ ప్రతిఫలనం ఏ ఇసుకదో గుర్తించాలి. మందం సంగతీ అప్పుడే తెలుస్తుంది. తరంగ వేగం సెకనుకు 2,400 మీటర్లు, పౌనఃపున్యం 30 హెర్ట్జ్ అనుకుంటే తరంగదైర్ఘ్యం 80 మీటర్లు. అందులో నాలుగో వంతు, అంటే 20 మీటర్ల కంటే పలుచని ఇసుకకు పై అంచు, కింది అంచు విడివిడిగా కనిపించవు. సరిగ్గా ఆ మందం దగ్గర రెండు ప్రతిఫలనాలూ కలిసి ఆంప్లిట్యూడ్‌ను పెంచుతాయి. గ్యాస్ పెరగకపోయినా మ్యాపు మెరుస్తుంది.

భూమి మీద తీసిన డేటా అయితే ఇంకో తలనొప్పి. కోనసీమలో ఊళ్లు, కాలువలు, కొబ్బరి తోటలు. అన్నిచోట్లా షాట్ హోల్, అంటే తరంగాల కోసం పేలుడు పెట్టే గుంత, వేయనివ్వరు, వేయకూడదు కూడా. అక్కడ ఫోల్డ్, అంటే ఒకే చోటికి నమోదయ్యే ప్రతిఫలనాల సంఖ్య, తగ్గి, ఆంప్లిట్యూడ్ బలహీనపడుతుంది. మేము ఒక మ్యాపులో ఇసుక అంతటితో ఆగిపోయిందని చర్చించుకుంటుంటే, ఫీల్డులో పనిచేసి వచ్చిన సీనియర్ ఒకాయన గ్రామాల మ్యాపు తెచ్చి దాని మీద పరిచారు. ఇసుక "ఆగిపోయిన" గీత ఊరి పొలిమేరే! అప్పటి నుంచి ఫోల్డ్ మ్యాపు పక్కన లేకుండా ఆంప్లిట్యూడ్ మ్యాపు చూడను.

ఇవన్నీ దాటాక నేను నమ్మే సాక్ష్యాలు రెండు. ఒకటి, మెరుపు అంచు లోతు కాంటూరును (సమాన లోతు గీతను) అనుసరించడం. గ్యాస్, నీరు కలిసే తలం సమంగా ఉంటుంది కాబట్టి అలా జరుగుతుంది. రెండోది ఏవీఓ, అంటే ఆఫ్‌సెట్ (షాట్‌కూ, రిసీవర్‌కూ మధ్య దూరం) పెరిగేకొద్దీ ఆంప్లిట్యూడ్ మారే తీరు. గ్యాస్ చేరితే పి-తరంగ (నొక్కుతూ సాగే తరంగం) వేగం పడిపోతుంది, ఎస్-తరంగ (అడ్డంగా ఊపే తరంగం) వేగం పెద్దగా మారదు. ఆ తేడా అన్ని ఆఫ్‌సెట్‌లనూ కలిపేసిన స్టాక్‌లో కలిసిపోతుంది, కలపకముందరి గ్యాదర్లలోనే మిగులుతుంది. మెత్తని ఇసుకల్లో ఇది బాగా పనిచేస్తుంది. మండపేట ఇసుకరాయి లాంటి పాత, లోతైన, గట్టిపడిన రాళ్లలో మాత్రం మెరుపు కోసం వెతకడం దండగ. అక్కడ గ్యాస్ ఉన్నా ప్రతిఫలనం మసకబారవచ్చు.

ఇసుక ఆకారం తెలిస్తే అంతా తెలిసినట్టు కూడా కాదు. కాకినాడ తీరానికి ఆవల డీ6 బ్లాకులో 2002లో గ్యాస్ దొరికింది. లోతు సముద్రంలో పూడిన పాత కాలువల ఇసుకలు అవి. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలై, మరుసటి ఏడాది రోజుకు దాదాపు 6 కోట్ల ఘనపు మీటర్లకు చేరి, తర్వాత వేగంగా పడిపోయింది. ఆ బ్లాకులోని డీ1, డీ3 క్షేత్రాలు 2020 ఫిబ్రవరిలో మూతపడ్డాయి. అలాంటి కాలువల వంపులు సీస్మిక్‌లో అందంగా కనిపిస్తాయి. ఒక ఇసుకకూ పక్క ఇసుకకూ మధ్య ఉన్న పలుచని బురద పొర కనిపించదు. అవి కలిసి ఉన్నాయో లేదో ఉత్పత్తి మొదలయ్యాక పీడనమే చెబుతుంది.

మీకు ఇచ్చింది స్టాక్ మాత్రమే అయితే గైడును గ్యాదర్లు, కనీసం నియర్, ఫార్ (తక్కువ, ఎక్కువ ఆఫ్‌సెట్ల) స్టాక్‌లు అడగండి. అవి దొరకకపోతే నివేదికలో "గ్యాస్ ఇసుక" అనకుండా "బలమైన ఆంప్లిట్యూడ్ ప్రాంతం" అని రాయండి.