పాప మిమ్మల్ని ఆంటీ అని ఎందుకు పిలుస్తోంది?

ప్రశ్న: మాది గుంటూరు. నా వయసు 41. మా చెల్లెలు ఇంట్లో చెప్పకుండా పెళ్ళి చేసుకుంది. ఆ దిగులుతోనే నాన్న పోయారు. మూడేళ్ళ క్రితం జబ్బుచేసి చెల్లెలూ పోయింది. దాని భర్త పాపను వదిలేసి ఎటో వెళ్ళిపోయాడు. ఇప్పుడు పాపకు తొమ్మిదేళ్ళు, విజయవాడలో ఒక హోంలో ఉంటోంది. ‘బంధువులు మీరేగా, తీసుకెళ్తారా?’ అని అధికారులు అడుగుతున్నారు. మావారు ‘నీ ఇష్టం’ అన్నారు. మా అమ్మాయి ఈ ఏడాది టెన్త్. పాపను తెచ్చుకుంటే రేపు ఆస్తిలో వాటా ఇవ్వాల్సి వస్తుందా? హోంలో బాగానే చూస్తున్నారు కదా, అక్కడే ఉంచి ఖర్చులు భరిస్తే సరిపోదా? ఏటా దసరాకు బట్టలు పంపిస్తూనే ఉన్నాం. ఫోన్ చేస్తే ‘బాగున్నారా ఆంటీ’ అంటుంది. ఒకటే టెన్షన్‌గా ఉంది.
- ఒక సోదరి

జవాబు: ఆస్తి సంగతి ముందు తేల్చేద్దాం. పాపను మీరు దత్తత చేసుకోవడం లేదు, పెంచుతారు, అంతే. పెంచినంత మాత్రాన మీ ఆస్తిలో హక్కు రాదు. కానీ మీ నాన్నగారు వీలునామా రాయకుండా పోయి, ఆయనకు సొంత ఆస్తి ఉంటే, అందులో మీ చెల్లెలికీ వాటా ఉంది. ఇప్పుడు అందులో పాపకూ హక్కు ఉంది. ఆమె హోంలో ఉన్నా మీ ఇంట్లో ఉన్నా అది మారదు. మీరడిగిన దానికి ఇంతకన్నా చెప్పేదేమీ లేదు.

ఉత్తరంలో చెల్లెలి చావు కంటే ముందు ఆమె పెళ్ళి రాశారు. నాన్న పోయిన నిందా ఆమె మీదే వేశారు. తొమ్మిదేళ్ళ పిల్ల మిమ్మల్ని ఆంటీ అంటోందంటే, మీరు పెద్దమ్మ అవుతారని ఆమెకు ఎవరూ చెప్పలేదన్నమాట. ఫోన్ చేసినప్పుడు మీరైనా చెప్పలేదు. మీ తగాదా ఆ పిల్లతో కాదమ్మా, చెల్లెలితో. ఆమె లేదు కాబట్టి అది తెగడం లేదు. చెల్లెలు తప్పే చేసిందనుకుందాం. ఆమె పోయాక కూడా అక్క అలిగి కూర్చోవడం నాకు నచ్చదు.

హోంలో బాగా చూస్తున్నారంటే నమ్ముతాను. నేను చూసిన హోంలలో అన్నం, చదువు బాగానే ఉన్నవీ ఉన్నాయి. అయినా అక్కడి పిల్లలు బంధువుల ఇంటికొస్తే మంచినీళ్ళు తాగడానికీ పర్మిషన్ అడుగుతారు. బిస్కెట్లు దిండు కింద దాస్తారు. అందుకే 2015 నాటి బాలల న్యాయ చట్టం, హోంను చివరి మార్గంగానే చూడమంటుంది.

ఒక్క మాట. పాపను తెచ్చుకుని అంట్లు తోమించే ఉద్దేశం ఏ మూలనైనా ఉంటే దయచేసి తేవద్దు. అలాంటి ఇళ్ళు చూశాను, వాటికన్నా హోమే నయం.

మనసు ఒప్పితే, ఇలాంటి పిల్లలు ఎక్కడ ఉండాలో తేల్చే బాలల సంక్షేమ కమిటీకి చెప్పండి. ఇంటికి సోషల్ వర్కర్ వస్తారు, మీ ఇద్దరితో, మీ అమ్మాయితో మాట్లాడతారు. ‘నీ ఇష్టం’ అన్న మీవారు కూడా అప్పుడు నోరు విప్పాలి. పాపనూ అడగాలి. ఆర్డరు కమిటీయే ఇస్తుంది. ఆదాయం తక్కువైతే కేంద్ర ప్రభుత్వ పథకం మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల సాయానికి దరఖాస్తు చేసుకోవచ్చు. ఊళ్ళో ఉండేవాళ్ళకు ఏడాదికి 72,000, పట్నంలో 96,000 రూపాయలు ఆదాయ పరిమితి. బహుశా మీకు వర్తించకపోవచ్చు. టెన్త్ పరీక్షలు అడ్డమనిపిస్తే, ఈలోగా సెలవులకు తీసుకురావడానికి అనుమతి అడగండి. ఒక్కసారిగా తెచ్చి దించడం కన్నా అదే మంచిది.

ముందు హోంకు ఫోన్ చేసి, చూడనిచ్చే వేళ కనుక్కుని వెళ్ళండి. గుంటూరు నుంచి బస్సులో ఎంతసేపు! ఈసారి బట్టలొద్దు. మీరూ మీ చెల్లెలూ కలిసున్న చిన్నప్పటి ఫొటో ఒకటి బీరువాలో ఉండే ఉంటుంది. అది తీసుకెళ్ళండి. పక్కనున్నది ఎవరని పాప అడుగుతుంది.