అల్లుడూ, ఏసీ మూత విప్పే ముందు

విశాఖపట్నం

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు, వీడియో చూశాను. క్యారవాన్ బాగుంది. పైన ఏసీ స్విచ్ వేయగానే జనరేటర్ ఒక్కసారి మూలిగి, ఎర్ర లైటు వెలిగి, కరెంటు ఇవ్వడం మానేస్తోంది. ఎవరో సాఫ్ట్ స్టార్టర్, అదే మోటారుని మెల్లగా స్టార్ట్ చేసే డబ్బా, పెట్టించుకోమన్నారు, నేనే బిగించుకోనా మావయ్యా అని అడిగావు. బిగించుకో. ఆ మాత్రం పని నీకు చేతనవును. కాకపోతే అది ఏ రోగానికి మందో తెలుసుకోకుండా కొంటే డబ్బు దండగ. అందుకే ఫోన్లో చెప్పకుండా ఇంత రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు ఏసీ ఏ రకమో చూడాలి. ఇన్వర్టర్ ఏసీ అయితే దాని బోర్డే కంప్రెసర్‌ని నెమ్మదిగా కదిలించి వేగం పెంచుతుంది. అలాంటిదానికి సాఫ్ట్ స్టార్టర్ అక్కర్లేదు, పెట్టనూ కూడదు, బోర్డు పోవచ్చు. నీ ఫోటోలో మోటారు తిరగడానికి తోడుండే రన్ కెపాసిటర్ కనిపిస్తోంది, నేమ్‌ప్లేట్ మీద ఆర్‌ఎల్‌ఏ 6, ఎల్‌ఆర్‌ఏ 30 అని ఉంది. అంటే నీది పాత పద్ధతి సింగిల్ ఫేజ్ కంప్రెసరే. 13,500 బీటీయూ, టన్ను మీద కొంచెం.

నీ గొడవంతా ఆ రెండు అంకెల్లోనే ఉంది. ఆర్‌ఎల్‌ఏ అంటే కంప్రెసర్ తిరుగుతున్నప్పుడు లాగే కరెంటు, 6 ఆంపియర్లు. ఎల్‌ఆర్‌ఏ అంటే ఆగి ఉన్న మోటారుకి పూర్తి వోల్టేజీ ఇచ్చిన క్షణంలో లాగేది, 30. తిరుగుతున్న మోటారు తనలో ఎదురు వోల్టేజీ పుట్టించుకుని కరెంటుని అదుపులో ఉంచుతుంది. ఆగి ఉన్నప్పుడు అది ఉండదు కాబట్టి దొరికినంతా లాగేస్తుంది. నిండా సరుకున్న తోపుడుబండి కదిలేదాకానే కష్టం, తర్వాత చేత్తో పోతుంది. ఇదీ అంతే. ఇప్పుడు నీ జనరేటర్ సంగతి. డబ్బా మీద 2 కేవీఏ పైచిలుకు రాసినా, నిలకడగా ఇచ్చేది 1.8, అంటే 1,800 వోల్ట్-ఆంపియర్లు. దాన్ని 230 వోల్టులతో భాగిస్తే 7.8 ఆంపియర్లు. 30 అడిగితే అది ట్రిప్ కాక ఏం చేస్తుంది? హుద్‌హుద్ వచ్చినప్పుడు, 2014 అక్టోబర్‌లో, కరెంటు లేని రోజుల్లో జనరేటర్లు తెచ్చుకున్నవాళ్లు కూడా ఇదే చూశారు. లైట్లు, ఫ్యాన్లు అన్నీ బాగానే వెలిగేవి. బోరు మోటారు వేయగానే అంతా చీకటి.

సాఫ్ట్ స్టార్టర్ చేసేది ఈ ఒక్క క్షణాన్ని సర్దడం. మొదట్లో మోటారుకి వోల్టేజీ కోసి కొంచెం కొంచెంగా పెంచుతుంది, మోటారుని మొదట కదిలించే చుట్ట అయిన స్టార్ట్ వైండింగ్‌కి కాసేపు సాయం పడుతుంది, మోటారు వేగం అందుకున్నాక లోపలి రిలే పడి తాను పక్కకి తప్పుకుంటుంది. మామూలుగా స్టార్టింగ్ కరెంటులో 60 నుంచి 70 శాతం తగ్గుతుంది. నీ 30 కాస్తా 10, 12 దగ్గరికి దిగుతుంది. ఆ కొంచెం ఎక్కువని జనరేటర్ క్షణకాలం ఓర్చుకోగలదు. తిరుగుతున్నప్పటి 6 ఆంపియర్లు మాత్రం ఆరే. అందులో రవ్వంత కూడా తగ్గదు. కరెంటు ఆదా, పెట్రోలు ఆదా అని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకో.

కాబట్టి కొనేముందు బండిని మీ ఇంటి దగ్గర పెట్టి, 16 ఆంపియర్ల సాకెట్ నుంచి ఈపీడీసీఎల్ కరెంటు మీద ఏసీ వేసి చూడు. టక్కున పట్టుకుని తిరిగితే నీ సమస్య స్టార్టింగే, సాఫ్ట్ స్టార్టర్ పనికొస్తుంది. అక్కడ కూడా గుంయ్‌మని మూలిగి ఆగిపోతే తేడా వేరే చోట ఉంది. చాలాసార్లు కెపాసిటరే అవుతుంది. దాని ఒంటి మీద ఎన్ని మైక్రోఫారడ్‌లని రాసి ఉందో చూసి మీటరు పెట్టి కొలువు. రాసినదానికంటే ఆరు శాతానికి మించి తగ్గితే మార్చెయ్. కెపాసిటర్ ఖరీదెంత, సాఫ్ట్ స్టార్టర్ ఖరీదెంత!

వైరు కూడా చూడు. వీడియోలో జనరేటర్‌ని దూరంగా పెట్టి సన్నటి ఎక్స్‌టెన్షన్ లాగావు. 1 స్క్వేర్ ఎంఎం వైరు 30 మీటర్లు లాగితే, రాకపోకలు రెండూ కలిపి ఒక ఓమ్ పైన ఉంటుంది. 30 ఆంపియర్లు లాగే క్షణంలో 32 వోల్టులు ఆ వైరే తినేస్తుంది. అదే 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు అయితే 13 వోల్టులతో పోతుంది. సాఫ్ట్ స్టార్టర్ పెట్టినా పెట్టకపోయినా ఆ పసుపుపచ్చ వైరు మాత్రం ఇంట్లో డ్రిల్లింగ్ మెషీన్‌కి వాడుకో. ఎర్తు ఉన్న మూడు కోర్ల వైరు కొను.

కొనేటప్పుడు లేబుల్ మీద 230 వోల్టులు, 50 హెర్ట్జ్, సింగిల్ ఫేజ్ అని చదువుకున్నాకే డబ్బులివ్వు. క్యారవాన్లకని అమ్మేవాటిలో అమెరికా కోసం చేసిన 115 వోల్టుల సరుకు ఉంటుంది, అది మనకి పనికిరాదు. నీ ఏసీ వారంటీలో ఉంటే మూత తీస్తే వారంటీ పోతుందేమో అమ్మినవాణ్ణి అడుగు.

ఇక పని. పొద్దున్నే ఆరింటికి మొదలుపెట్టు. మన ఊళ్లో ఎనిమిది దాటితే బండి పైన కాలు పెట్టలేవు. జనరేటర్ ప్లగ్గు, ఇంటి కరెంటు, బండిలో బ్యాటరీ ఇన్వర్టర్ ఉంటే అది కూడా తీసేసి, తీసిన ప్లగ్గు నీ జేబులో పెట్టుకుని ఎక్కు. ప్లాస్టిక్ మూత ఎండకి పెళుసెక్కి ఉంటుంది, స్క్రూలు అన్నీ వదులు చేశాక రెండు చేతులతో నిటారుగా లేపు. ఒక మూల పట్టి గుంజితే చీలుతుంది. దేన్నయినా ముట్టుకునే ముందు ఫోటోలు తీసుకో, ప్రతి వైరూ ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోతోందో తెలిసేలా.

ప్లగ్గు తీసినా కెపాసిటర్‌లో కరెంటు దాగి ఉంటుంది. మన వాళ్లు స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి టప్పుమనిపిస్తారు. వద్దు. 20 వేల ఓమ్‌ల 5 వాట్ల రెసిస్టర్‌కి రెండు ఇన్సులేటెడ్ వైర్లు తగిలించి, టెర్మినళ్ల మధ్య కాసేపు పట్టుకుని, మీటర్‌లో సున్నా చూశాకే చెయ్యి పెట్టు. కామన్‌కీ హెర్మ్‌కీ మధ్య, కామన్‌కీ ఫ్యాన్‌కీ మధ్య విడివిడిగా చూడు. హెర్మ్ అంటే కెపాసిటర్ మీద కంప్రెసర్‌కి వెళ్లే టెర్మినల్, కామన్ అంటే సి అని రాసి ఉన్నది.

ఇక్కడే చదువుకున్నవాళ్లు కూడా తప్పులో కాలేస్తారు, నెమ్మదిగా చదువు. కంప్రెసర్‌కి మూడు టెర్మినళ్లు, సి (కామన్), ఆర్ (రన్), ఎస్ (స్టార్ట్). కెపాసిటర్ మీద కూడా సి అని ఒకటి ఉంటుంది. ఈ రెండు సి లూ ఒకటి కావు. కెపాసిటర్ సి కి వచ్చే కరెంటే కంప్రెసర్ ఆర్‌కి వెళ్తుంది. కంప్రెసర్ సి అటువైపు లైనుకి పోతుంది. రెండిటినీ ఒకటే అనుకుని కలిపితే షార్టే. కంప్రెసర్ టెర్మినళ్ల మీద అక్షరాలు చెరిగిపోయి ఉంటే, వైర్లు పీకి మీటర్ని ఓమ్‌లలో పెట్టి రెండేసి చొప్పున కొలువు. అన్నిటికంటే ఎక్కువ వచ్చిన జత ఆర్, ఎస్. ఆ జతలో లేనిది సి. సి నుంచి తక్కువ వచ్చేది ఆర్, ఎక్కువ వచ్చేది ఎస్. ఉదాహరణకి సి, ఆర్ మధ్య 3, సి, ఎస్ మధ్య 5 వస్తే ఆర్, ఎస్ మధ్య 8 రావాలి. ఈ కూడిక కుదరకపోతే వైండింగ్‌లో తేడా ఉందన్నమాట. ఏ టెర్మినల్ నుంచైనా కంప్రెసర్ బాడీకి రీడింగ్ చూపిస్తే పని అక్కడితో ఆపెయ్, దానికి కావలసింది సాఫ్ట్ స్టార్టర్ కాదు.

అన్నీ సరిగ్గా ఉంటే బిగింపు అరగంట పని. చాలావాటికి నాలుగు వైర్లుంటాయి. కెపాసిటర్ సి నుంచి కంప్రెసర్ ఆర్‌కి వెళ్లే వైరు పీకి ఆ మధ్యలో రెండు వైర్లు, స్టార్ట్ వైండింగ్ వైపు, అంటే కెపాసిటర్ హెర్మ్ దగ్గర ఒకటి, కంప్రెసర్ సి వైపు లైనుకి ఒకటి. వైర్ల రంగులు కంపెనీకో రకం, కాబట్టి రంగు చూసి కాదు, డబ్బాలో ఇచ్చిన బొమ్మ చూసి కలుపు. రన్ కెపాసిటర్ తీయకు. ఫ్యాన్ వైరు ముట్టుకోకు, సాఫ్ట్ స్టార్టర్ గుండా వెళ్లాల్సింది కంప్రెసర్ ఒక్కటే. ఒక్కటి మాత్రం కచ్చితంగా పీకెయ్యాలి. కెపాసిటర్‌కి అడ్డంగా రెండు వైర్లతో నల్లటి చిన్న డబ్బా, ఒక్కోసారి దానికి తోడు ఇంకో కెపాసిటర్ ఉంటాయి. అది కంపెనీవాడు పెట్టిన హార్డ్ స్టార్ట్ కిట్. అదీ ఇదీ కలిసి ఉంటే ఒకదాని పని ఇంకొకటి చెడగొడుతుంది. పీకిన వైర్ల కొసలకి టేపు చుట్టి వదిలెయ్యకు, కొసన ఉన్న లోహపు లగ్గుతో సహా తీసెయ్.

వైరింగ్ కన్నా నాకు టెన్షన్ ఉప్పు గాలి గురించి. నీ బండి రుషికొండ, భీమిలి రోడ్డులోనే ఎక్కువ తిరుగుతుంది. ఓడల మీద ఏసీ పనులు చేసినవాణ్ణి, రాగి వైరు లోపల్లోపలే నల్లబడి పొడిపొడిగా రాలడం ఎన్నిసార్లో చూశాను. పైకి ప్లాస్టిక్ తొడుగు కొత్తగా మెరుస్తూనే ఉంటుంది. అందుకే మెలేసి టేపు చుట్టే జాయింటు ఒక్కటి కూడా వద్దు. తగరం పూత ఉన్న లగ్గులు, మంచి క్రింపింగ్ ప్లయరు, లోపల జిగురుండే హీట్‌ష్రింక్ ట్యూబు వాడు. క్రింప్ చేశాక ప్రతి వైరూ గట్టిగా లాగి చూడు, ఊడివచ్చేది ఇప్పుడే ఊడిరానీ. సాఫ్ట్ స్టార్టర్ డబ్బాని కంప్రెసర్ నుంచి వచ్చే వేడి గొట్టానికీ, ఫ్యాన్ రెక్కలకీ దూరంగా, వీలైతే ఏసీ ఎలక్ట్రికల్ బాక్సులోనే పెట్టు. వైర్లు బయటికొచ్చే వైపు కిందికుండాలి, వాన నీళ్లు వైరు పట్టుకుని లోపలికి దిగకుండా. అడుగు ట్రేకి మాత్రం చిల్లు పెట్టకు, ఆ నీళ్లు నీ మంచం మీద పడతాయి.

మొదటిసారి స్టార్ట్ చేయడం జనరేటర్ మీద కాదు, ఇంటి కరెంటు మీద. చాలా సాఫ్ట్ స్టార్టర్లు మొదటి కొన్ని స్టార్టింగుల్లో నీ కంప్రెసర్ తీరు గమనించి తమని తాము సర్దుకుంటాయి. ఆ పాఠం బలమైన కరెంటు మీదే జరగాలి. ముందు ఫ్యాన్ వెయ్, తర్వాత కూలింగ్. ఆపాక ఐదు నిమిషాలు ఆగి మళ్లీ వెయ్. లోపల గ్యాసు ప్రెషర్లు రెండు వైపులా సమం కావడానికి ఆ టైం కావాలి. సాఫ్ట్ స్టార్టర్ నెమ్మదిగా తోస్తుంది కాబట్టి ఎదురు ప్రెషర్ ఉంటే మోటారు అస్సలు కదలదు. అందుకే చాలావాటిలో ఆ ఆలస్యం లోపలే పెట్టి ఉంటుంది. కరెంటు రెప్పపాటు పోయి వచ్చాక ఫ్యాన్ తిరుగుతూ చల్లగాలి రాకపోతే కంగారుపడకు, పాడైందని మూత విప్పకు. జనరేటర్ మీద మొదటిసారి వేసేటప్పుడు ఎకో స్విచ్, అంటే లోడు తక్కువున్నప్పుడు ఇంజన్ వేగం తగ్గించేది, ఆపెయ్. క్లాంప్ మీటర్ కొంటే ఇన్‌రష్ బటన్ (స్టార్టింగ్ కరెంటు పట్టేది) ఉన్నది కొను, మామూలుది ఆ క్షణాన్ని పట్టుకోలేదు. అది కూడా ఒక్క వైరు చుట్టూ వెయ్యాలి, మొత్తం కేబుల్ చుట్టూ వేస్తే సున్నా చూపిస్తుంది.

అరకు ప్లాన్ గురించి ఒక మాట. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తు. గాలి పలచబడి ప్రతి 300 మీటర్లకీ పెట్రోలు జనరేటర్ శక్తి మూడున్నర శాతం దాకా పడిపోతుంది, అంటే అక్కడ నీది 1.6 కేవీఏనే, 7 ఆంపియర్లు. కంప్రెసర్ 6, ఫ్యాన్ ఒకటి, మొత్తం కూడా ఏడే. మధ్యలో నువ్వు ఇండక్షన్ స్టవ్ మీద టీ పెడితే అంతే సంగతులు. అయినా అరకులో ఏసీ ఎందుకురా, కిటికీ తియ్యి. బ్యాటరీ, ఇన్వర్టర్ మీద రాత్రంతా ఏసీ నడపాలన్న ఆలోచన ఉంటే అదీ మానుకో. 12 వోల్టుల బ్యాటరీ నుంచి 120 ఆంపియర్లు పైనే లాగుతుంది, సాఫ్ట్ స్టార్టర్ దాన్ని మార్చలేదు.

వీడియోలో జనరేటర్ పొగ గొట్టం బండి తలుపు వైపే ఉంది. దాన్ని అవతలికి తిప్పు, కిటికీలకి దూరంగా, గాలి బండి నుంచి అవతలికి వీచే వైపు పెట్టు. ఆ కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, పడుకున్నవాళ్లకి తెలియనే తెలియదు. బండిలో అలారం ఒకటి పెట్టించు. ఇది సాఫ్ట్ స్టార్టర్ కన్నా ముందు చెయ్యాల్సిన పని.

మూత తీశాక వైర్లు కలపకముందు ఓ ఫోటో, కలిపాక ఓ ఫోటో పంపు. కంప్రెసర్ టెర్మినళ్ల మధ్య కొలిచిన మూడు రీడింగులు కూడా రాసి పెట్టు. నేను చూసి సరే అన్నాక కరెంటివ్వు.

ఇట్లు,
మావయ్య