ఎత్తంటే భయం ఉన్నవాళ్లు ఫార్ములా రోసా ఎక్కొచ్చా?

హైదరాబాద్ వండర్‌లాలో రీకాయిల్ రోలర్ కోస్టర్‌ని కింద నుంచి చూసే వెనక్కి వచ్చేశానని, ఇప్పుడు అబుదాబీ వెళ్తున్నానని, ఫెరారీ వరల్డ్ పార్కులో ఫార్ములా రోసా కోస్టర్ ఎక్కగలనా అని అడిగారు. ఎక్కండి. మీ భయానికి రీకాయిల్ కన్నా ఇదే నయం.

రీకాయిల్ మనల్ని తలకిందులు చేస్తుంది. రోసాలో అది ఒక్కసారి కూడా ఉండదు. ఇది ఫార్ములా వన్ రేసు అనుభవం ఇవ్వడానికి కట్టినది కాబట్టి భయపెట్టేదంతా వేగంతోనే. ట్రాక్ మలుపులకి కూడా ఇటలీలోని మోంజా రేసు సర్క్యూట్‌నే ఆదర్శంగా తీసుకున్నారు. 2010లో మొదలైనప్పుడు ప్రపంచంలో దీన్ని మించిన వేగం ఏ కోస్టర్‌కీ లేదు.

మామూలు కోస్టర్లలో టకటకమంటూ పైకి లాక్కెళ్తుంటే ఎప్పుడు పడేస్తాడా అని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుంటాం కదా, ఇక్కడ ఆ టెన్షన్ లేదు. ఎర్రటి బండి స్టేషన్ దాటి నెమ్మదిగా ముందుకొస్తుంది. హైడ్రాలిక్ మోటార్లు ఒక పెద్ద డ్రమ్ముని గిర్రున తిప్పితే, దానికి చుట్టుకునే కేబుల్ బండిని లాగేస్తుంది. ఐదు సెకన్ల లోపే గంటకు 240 కిలోమీటర్లు! వీపు సీటుకి అతుక్కుపోతుంది. నేను అరుద్దామని నోరు తెరిచాను, గాలి గొంతులోకి కొట్టి అరుపు అక్కడే ఆగిపోయింది. బుగ్గలు చెవుల వైపు సాగుతున్నట్టు స్పష్టంగా తెలిసింది. పక్కన మా బావమరిది ఏదో అంటున్నాడు గానీ ఒక్క ముక్క వినపడితే ఒట్టు.

52 మీటర్ల మిట్ట ఉన్న మాట నిజమే. కానీ ఆ ఊపులో ఎక్కామని తెలిసేలోపే దిగిపోతాం, కిందకి చూసే తీరికే ఉండదు. ఆ తర్వాతవన్నీ మలుపులూ చిన్న మిట్టలూ. రెండు కిలోమీటర్ల ట్రాక్ నిమిషంన్నరలో అయిపోతుంది.

ఎక్కేముందు గాగుల్స్ ఇస్తారు, అవి స్టైల్ కోసం కాదు. ఆ వేగంలో ఎడారి ఇసుక రేణువు గానీ పురుగు గానీ కంట్లో పడితే అంతే సంగతులు. పట్టీ బిగించుకోండి, వదులుగా ఉంటే దారంతా దాన్ని పట్టుకోవడంతోనే సరిపోతుంది. మొదటిసారి కాబట్టి ముందు వరుస వద్దు, గాలి దెబ్బంతా వాళ్లకే. పార్కు తెరవగానే దీనికే వెళ్లండి, మధ్యాహ్నానికి క్యూ పెరిగిపోతుంది. మెడ నొప్పి, నడుము నొప్పి, గుండె జబ్బు ఉంటే మాత్రం ఆలోచనే వద్దు.

అదే పార్కులో ఫ్లయింగ్ ఏసెస్ అని ఇంకోటి ఉంది. బాగా ఏటవాలుగా పైకి లాక్కెళ్లి 52 మీటర్ల లూప్‌లో తిప్పుతుంది. రోసా దిగిన ఉత్సాహంలో ఎవరు రెచ్చగొట్టినా మీరు దాని జోలికి వెళ్లకండి.