రాయగడలో ఇన్ని ఫ్యాక్టరీలున్నా చుట్టూ చిన్న పరిశ్రమలు ఎందుకు పెరగలేదు?

మీరు అడిగింది రెండు ప్రశ్నలు: పెద్ద ఫ్యాక్టరీల పక్కన చిన్నవి ఎందుకు పుట్టలేదు, పని నేర్చిన పిల్లలంతా వైజాగ్ ఎందుకు పోతున్నారు అని. నా దృష్టిలో రెండింటికీ కారణం ఒకటే. మన దగ్గర ఫ్యాక్టరీలున్నాయి, వాటికి ఇరుగుపొరుగు లేదు. నేను ఒడిశాలోని ఈ రాయగడలో చిన్న లేత్ షాపు (ఇనుప భాగాలను తిప్పుతూ చెక్కే మెషిన్ షాపు) నడుపుతున్నాను. అంతకుముందు విశాఖలో చిన్న వర్క్‌షాపులన్నీ ఒకచోట ఉండే ఆటోనగర్‌లో టర్నర్‌గా, అంటే లేత్ మీద పనివాడిగా చేశాను.

ఇక్కడికి పెద్ద ఫ్యాక్టరీలు వచ్చింది ముఖ్యంగా ముడిసరుకు కోసం. 1962లో జేకేపూర్ పేపర్ మిల్లు వెదురు చూసుకుని వచ్చింది. టికిరి దగ్గరి అల్యూమినా (అల్యూమినియం తయారీకి వాడే తెల్లటి పొడి) ఫ్యాక్టరీకి బాఫ్లిమాలి కొండ మీది బాక్సైట్ ఖనిజం కావాలి. టన్ను అల్యూమినాకి రెండు టన్నులకు పైగా బాక్సైట్ పడుతుంది. అంత బరువు దూరం మోయడం దండగ కాబట్టి శుద్ధి ఇక్కడే చేస్తారు. ఆ పొడిని అల్యూమినియం లోహంగా మార్చాలంటే మాత్రం విపరీతంగా కరెంటు కావాలి. అందుకే ఆ పని బొగ్గు దొరికే వైపు పోతుంది. గిన్నెలు, తీగలు, కిటికీ ఫ్రేములు చేసే యూనిట్లూ ఆ లోహం దగ్గరో, కొనేవాళ్ల దగ్గరో పుడతాయి గానీ ఇక్కడ కాదు.

ఆటోనగర్ సంగతి వేరు. షాఫ్ట్ (యంత్రంలో తిరిగే కడ్డీ) లేత్ మీద చెక్కాక గేర్ పళ్లు కోయాలన్నా, హీట్ ట్రీట్‌మెంట్ (వేడి చేసి గట్టిపరచడం) చేయించాలన్నా పక్క వీధికి వెళ్తే చాలు. ఒక ఓనరుతో పడకపోతే ఇంకో షాపులో పని దొరుకుతుంది. కొత్త మెషిన్ ఎవరు తెచ్చినా టీ కొట్టు దగ్గర అందరికీ తెలిసిపోతుంది. పరిశ్రమలు ఒకేచోట గుమిగూడడానికి ఆర్థికవేత్త ఆల్‌ఫ్రెడ్ మార్షల్ 1890లో చెప్పిన కారణాలు సరిగ్గా ఈ మూడే: అనుబంధ పనులు చేసే షాపులు, నైపుణ్యమున్న కార్మికులు, నోటి మీద వ్యాపించే విద్య.

మా షాపులో కుర్రాడు పని బాగా వచ్చాక వైజాగ్ రైలెక్కుతాడు. అతన్ని తప్పు పట్టలేను. ఇక్కడ ఆ పనికి విలువ కట్టేవాళ్లు ఇద్దరో ముగ్గురో.

రాయితీలిచ్చి ఇంకో పెద్ద ఫ్యాక్టరీ తెచ్చేకన్నా, చిన్న షాపులన్నీ డబ్బు కట్టి వాడుకునే హీట్ ట్రీట్‌మెంట్ ఫర్నేసు, టెస్టింగ్ ల్యాబ్ పెట్టమని అడగాలి. ఇప్పుడు నేను షాఫ్ట్‌ను పార్వతీపురం, బొబ్బిలి మీదుగా విశాఖ పంపి తెప్పించేలోగా, రిపేర్ల కోసం ఫ్యాక్టరీ ఆపిన షట్‌డౌన్ గడువు కాస్తా ముగిసిపోతుంది. దాంతో వాళ్లు తర్వాతి ఆర్డరు నేరుగా విశాఖకే ఇస్తున్నారు.