ప్యూబ్లో మట్టిపాత్ర కొనేముందు

ప్రశ్న: ఆగస్టులో అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రంలో, శాంటా ఫేలో జరిగే ఇండియన్ మార్కెట్‌కు, అంటే అమెరికా ఆదివాసుల కళల సంతకు, వెళుతున్నాము. అక్కడి ప్యూబ్లో ఆదివాసులు చేసే మట్టిపాత్ర ఒకటి కొనాలని ఉంది. అది నిజంగా చేతితో చేసినదేనని ఎలా తెలుసుకోవాలి? బేరమాడవచ్చా?

జవాబు: 1922లో మొదలైన ఆ సంతలో కళాకారులే కూర్చుని తమ పనిని అమ్ముతారు కనుక, మట్టి ఎక్కడిది, ఎలా కాల్చారు అని వారినే అడగడం అన్నిటికంటే మంచి మార్గం. సంప్రదాయ పద్ధతిలో కుమ్మరి సారె వాడరు; మట్టిని తాళ్లలా పేని, చుట్టుమీద చుట్టుగా పేర్చి, గీకి, నున్నటి రాతితో మెరుగుపెట్టి, ఆరుబయట కాలుస్తారు. శాన్ ఇల్డిఫాన్సో అనే ప్యూబ్లో గ్రామానికి చెందిన మరియా మార్టినెజ్, ఆమె భర్త జూలియన్ ప్రసిద్ధికెక్కించిన పాత్రల నలుపు పైపూత రంగు కాదు. మంటను పేడపొడితో కప్పివేసినప్పుడు గాలి అందక, పొగ పట్టి, ఎర్రగా కాలవలసిన పాత్ర నల్లబడుతుంది. అకోమా అనే మరో ప్యూబ్లో గ్రామపు పాత్రలు తెల్లగా, ఆశ్చర్యం కలిగించేంత పలుచగా ఉంటాయి.

దుకాణాలలో మాత్రం అచ్చుపోసిన పాత్రల మీద చేతితో బొమ్మలు వేసినవీ దొరుకుతాయి. ఆదివాసులు కానివారు చేసినదానిని ఇండియన్ (అమెరికా ఆదివాసీ) కళగా అమ్మడాన్ని 1990 నాటి చట్టం నిషేధించింది కానీ, అచ్చుపాత్ర మీద ఇండియన్ కళాకారులే బొమ్మ వేస్తే అది మోసమేమీ కాదు. కనుక రూపం కూడా చేతితో దిద్దినదేనా అని విడిగా అడగండి.

బేరం వద్దనే నా సలహా. నెలల శ్రమకు తగిన ధర అడగడంలో తప్పేముంది? పాత్రను అనుమతి అడిగి, అంచు పట్టుకోకుండా రెండు చేతులతో అడుగునుంచి ఎత్తండి. ఇంటికి తెచ్చాక అందులో నీళ్లు పోయకండి.