టెక్ సందేహాలు: రెండు బిల్లు ఫైళ్ల తేడా తేల్చేదెలా? డి డ్రైవ్ ఫోల్డర్‌ని సి లో చూపేదెలా?

ప్రశ్న: పలాసలో మాకు జీడిపప్పు వ్యాపారం. షాపులో ఉన్న బిల్లింగ్ ఫైలునే పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి గోడౌన్ కంప్యూటర్లో వేశాం. నెలరోజులుగా రెండు చోట్లా బిల్లులు కొట్టేస్తున్నారు. దేంట్లో ఏముందో తేల్చే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉందా?

జవాబు: ముందు అది ఏ రకం డేటాబేసో చూడండి. ఫైలుకి కాపీ తీసి, ఆ కాపీని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. మొదట్లోనే 'ఎస్‌క్యూలైట్ ఫార్మాట్ 3' అని ఇంగ్లిష్ అక్షరాల్లో కనిపిస్తే అది ఎస్‌క్యూలైట్ (డేటా అంతా ఒకే ఫైల్లో దాచే ఉచిత డేటాబేస్) ఫైలే, మీ పని సులువే. మిగతాదంతా పిచ్చిరాతలా ఉంటుంది, కంగారొద్దు. సేవ్ మాత్రం నొక్కకండి.

కాపీ తీసేటప్పుడు సాఫ్ట్‌వేర్ మూసి ఉండాలి. మూసినా సరే, ఫైలు పక్కన అదే పేరుకి చివర 'హైఫన్ వాల్' (హైఫన్, డబ్ల్యూ, ఏ, ఎల్) తగిలించిన ఫైలు మిగిలి ఉంటే దాన్నీ కలిపి తీసుకోండి. చివర కొట్టిన బిల్లులు అందులోనే ఉండొచ్చు. 'నిన్నటి బిల్లులు మాయమయ్యాయి' అనే ఫిర్యాదుల్లో కొన్నిటికి కారణం ఇదే.

ఇక పోల్చడానికి ఎస్‌క్యూలైట్ సొంత సైట్లోనే, విండోస్ టూల్స్ జిప్‌లో, 'ఎస్‌క్యూఎల్‌డిఫ్' దొరుకుతుంది. కమాండ్ ప్రాంప్ట్‌లో దాని పేరు, రెండు హైఫన్లతో 'సమ్మరీ', షాపు ఫైలు, గోడౌన్ ఫైలు వరసగా ఇవ్వండి. ఒక్కో టేబుల్లో ఎన్ని మారాయి, ఎన్ని కొత్తవి, ఎన్ని లేవు, ఎన్ని అలాగే ఉన్నాయి అని లెక్క చెబుతుంది. 'సమ్మరీ' తీసేస్తే, మొదటి ఫైలుని రెండోదానిలా మార్చే కమాండ్లన్నీ రాసిస్తుంది. రాస్తుందే తప్ప ఫైళ్లను ముట్టుకోదు.

మీ విషయంలో చిక్కంతా ఇక్కడే. వరస నంబరు ఒకటే అయితే అది రెండు వరసల్నీ ఒకే బిల్లు అనుకుంటుంది. షాపులో 501 నంబరు 20 కిలోల గుండ్లు, గోడౌన్‌లో అదే 501 నంబరు 50 కిలోల బద్దలు అనుకోండి. మనకవి రెండు బిల్లులు. దానికి మాత్రం 'మారిన ఒక బిల్లు'. ఆ కమాండ్లని షాపు ఫైలు మీద నడిపారో, షాపు 501 పోయి దాని చోట గోడౌన్ 501 కూర్చుంటుంది. కాబట్టి తేడా చూడ్డానికే వాడండి, కలపడానికి వద్దు. గోడౌన్ బిల్లుల్ని వేరే సిరీస్‌తో షాపు ఫైల్లోకి మళ్లీ ఎక్కించడమే క్షేమం.

కమాండ్లంటే విసుగైతే 'డీబీ బ్రౌజర్ ఫర్ ఎస్‌క్యూలైట్'తో రెండు టేబుళ్లనీ బిల్లు నంబరు వరసలో సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలుగా) తీసి, 'విన్‌మెర్జ్'లో పక్కపక్కన పెట్టండి. రెండూ ఉచితమే. మారిన అంకె దగ్గరే రంగు పడుతుంది. మధ్యలో ఎక్సెల్లో తెరిచి సేవ్ చేయకండి: ముందున్న సున్నాలు రాలిపోతాయి, తేదీల రూపు మారుతుంది, మామూలు సీఎస్‌వీగా సేవైతే తెలుగు పేర్లు ప్రశ్నార్థకాలవుతాయి. 'బియాండ్ కంపేర్' డబ్బులిచ్చి కొనేది. పని చక్కగా చేస్తుంది గానీ, ఒక్కసారి అవసరానికి దాని 30 రోజుల ట్రయల్ చాలు.

ప్రశ్న: రాజాం నుంచి రాస్తున్నాను. సి డ్రైవ్ నిండిపోయింది. బిల్లింగ్ డేటాని డి లోకి మార్చి, సాఫ్ట్‌వేర్‌కి పాతచోటే ఉన్నట్టు చూపాలి. హార్డ్ లింక్ చేయొచ్చా?

జవాబు: కుదరదు. హార్డ్ లింక్ అంటే ఒకే ఫైలుకి ఇంకో పేరు, అది ఒకే డ్రైవ్ లోపలే పనిచేస్తుంది, అదీ ఫైళ్లకే. కుదిరే చోట కూడా డేటాబేస్‌కి హార్డ్ లింక్ పెట్టకండి. బిల్లు మధ్యలో కరెంటు పోతే (గాలివాన రోజుల్లో మనకిది కొత్తా!) సగంలో ఆగిన పనిని వెనక్కి తీసుకోడానికి ఎస్‌క్యూలైట్ ఫైలు పేరుతోనే ఒక జర్నల్ ఫైలు ఉంచుతుంది. రెండో పేరుతో తెరిస్తే ఆ జర్నల్ దానికి కనబడదు, డేటా పాడవుతుంది.

మీకు కావాల్సింది ఫోల్డర్ మొత్తానికి 'జంక్షన్', అంటే పాతచోటు నుంచి కొత్తచోటికి దారి చూపే లింక్. జర్నల్ కూడా అదే ఫోల్డర్‌లో ఉంటుంది గనక ఈ బెడద లేదు. సాఫ్ట్‌వేర్ మూసి, ఫోల్డర్‌ని డి లోకి తరలించండి. సి లో ఆ పేరుతో ఏదీ మిగలకూడదు, ఉంటే లింక్ పడదు. తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌లో 'ఎంకేలింక్ స్లాష్ జె', ఆపై సి లోని పాత దారి, ఆపై డి లోని కొత్త దారి. చాలామంది ఈ రెంటినీ తారుమారు చేస్తారు. దారిలో ఖాళీలుంటే కోట్స్ పెట్టాలి. పవర్‌షెల్‌లో నేరుగా కొడితే అలాంటి కమాండే లేదంటుంది. మౌస్‌తోనే కానివ్వాలంటే 'లింక్ షెల్ ఎక్స్‌టెన్షన్' ఉంది, ఉచితమే.

లింక్ వద్దనుకున్నప్పుడు 'ఆర్‌ఎండీఐఆర్' కమాండుతో ఒక్క లింక్ పేరే ఇచ్చి తీసేయండి, డి లో డేటా చెక్కుచెదరదు. 'డెల్' వాడారంటే మాత్రం లోపలి ఫైళ్లు తుడిచేయమంటారా అని అడుగుతుంది. అలవాటుగా 'వై' కొట్టకండి, ఆ పోయేవి డి లోని అసలు ఫైళ్లే.