పాత బైక్ క్లచ్ వైరు ఇంట్లో చేస్తే నిపిల్ ఎందుకు ఊడుతోంది?

మీ పాత బండికి సరిపోయే క్లచ్ వైరు దొరక్క ఇంట్లోనే సోల్డరింగ్ చేసుకున్నారనీ, వారం తిరక్కుండానే నిపిల్ (వైరు కొసకు ఉండే, లివర్‌లో కూర్చునే చిన్న లోహపు దిమ్మ) ఊడిందనీ రాశారు. నేను చేసిన మొదటి వైరు కూడా సరిగ్గా ఇలాగే ఊడింది. ఆ నిపిల్‌ని వెలుతురులో పెట్టి చూస్తే లోపలి రంధ్రంలో పోగుల అచ్చు నున్నగా కనిపించింది. సోల్డర్ పైపైన గడ్డకట్టింది తప్ప పోగులకు అంటుకోలేదు. కొత్త వైరుకు ఉండే జిడ్డును నేను తుడవలేదు.

అయితే జిడ్డు ఒక్కటే కారణం కాదు. నిపిల్‌ని నిలబెట్టేది సోల్డర్ కన్నా పోగులు విచ్చుకున్న తీరే. నిపిల్ రంధ్రం ఒక వైపు గరాటులా వెడల్పుగా ఉండాలి. లేకపోతే పెద్ద డ్రిల్ బిట్‌తో కాస్త చెక్కుకోండి. వైరు కొసను అటువైపు మూడు నాలుగు మిల్లీమీటర్లు బయటికి తీసి, పోగులను పువ్వులా విప్పి, కొన్నిటి కొసలు లోపలికి మడవండి. వైరును వెనక్కి లాగితే ఆ ముద్ద గరాటులో కూర్చుంటుంది. అది మళ్లీ ముడుచుకోకుండా పట్టి ఉంచడమే సోల్డర్ పని.

మామూలు 60/40 సోల్డర్ (60 పాళ్లు తగరం, 40 పాళ్లు సీసం) చాలు, 190 డిగ్రీల లోపే కరుగుతుంది. గ్యాస్ మంటతో ఎర్రగా కాలిస్తే వైరు ఉక్కు బలం పోతుంది. నీలం రంగు తిరిగిన కొసను నేను కోసి పారేస్తాను. యాసిడ్ ఫ్లక్స్ (సోల్డర్ బాగా అంటుకునేలా ముందు పూసేది) వాడితే తర్వాత వంట సోడా నీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించండి. లేదంటే లోలోపలే తుప్పు పడుతుంది. ఇంకో జాగ్రత్త: నిపిల్ కింద వైరుకు తడిగుడ్డ చుట్టండి. సోల్డర్ పోగుల వెంట కిందికి పాకితే ఆ ముక్క పుల్లలా గట్టిపడి, అది ఆగిన చోటే వైరు తెగుతుంది.

పొడవు పాత వైరును బట్టే తీసుకోండి, అడ్జస్టర్ (వైరు బిగువు సరిచేసే మర) సగంలో ఉంచి. ఔటర్ (వైరు మీది గొట్టం) పొడవు ఖాయం చేసుకునే ముందు హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడండి. రెండో నిపిల్ అతికించే ముందు ఔటర్, దాని కొసల టోపీలు, అడ్జస్టర్ అన్నీ వైరుకు ఎక్కాయో లేదో ఒక్కొక్కటీ తాకి లెక్కపెట్టండి. ఒకటి మరిచిపోయినా అతుకు మళ్లీ కరిగించాల్సిందే.

బండికి ఎక్కించే ముందు, గాడి కోసిన ఇనుప పట్టీలో నిపిల్‌ని ఇరికించి, పట్టీని వైస్‌లో బిగించి, ఒంటి బరువంతా వేసి లాగండి. క్లచ్, యాక్సిలరేటర్ వైర్లు నేను చేసుకుంటాను. ముందు చక్రం బ్రేక్ వైరు మాత్రం అనుభవం ఉన్నవాళ్లతోనే చేయిస్తాను. అక్కడ అతుకు ఊడితే ప్రాణం మీదికొస్తుంది.

అసలు మీ పాత వైరు తెగింది ఎక్కడో చూశారా? నిపిల్ మెడ దగ్గర పోగులు ఒక్కొక్కటిగా తెగి ఉంటే, లివర్‌లో నిపిల్ తిరగడం లేదన్నమాట. లివర్ నొక్కిన ప్రతిసారీ వైరు అక్కడే వంగుతుంది. లివర్‌లో నిపిల్ కూర్చునే గుంత శుభ్రం చేసి, వేలితో తిప్పితే నిపిల్ తేలిగ్గా తిరిగేలా గ్రీజు పెట్టాకే కొత్త వైరు వేయండి.